పాముగారి ఉపవాసం

ఆ రోజు ప్రముజి మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. మధ్యాహ్నంలోపు జంతువుల సంతకు వెళ్లి ఒక ఎలుకను కొనుక్కురావడం, నాలుగింటికి దాన్ని పాముకు పెట్టడం, పొద్దు కుంకే వేళకు వీధి మసీదుకు వెళ్లి ఢంకా కొట్టడం. మగెలాంగ్ ఊళ్లో ఆ వీధి వీధంతా రంజాన్ నెలలో ఆయన దెబ్బ విన్నాకే ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది. పద్నాలుగేళ్లుగా ఢంకా కర్ర ఆయన చేతిలోనే ఉంది. ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషికి ఆ వీధి ఇచ్చిన గౌరవం అదొక్కటే. దాన్ని కూడా ఊడబెరుక్కోవాలని చూశారంటే ఏమనాలి?

పాము పేరు మెలాతి. చిన్న జాతి కొండచిలువ. పొడవు మాస్టారి చెయ్యికంటే కాస్త ఎక్కువ. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. పది రోజులకో ఎలుకను తిని, మిగతా కాలమంతా గాజుపెట్టెలో ఎవరి జోలికీ పోకుండా పడుకుంటుంది. అలాంటిది రంజాన్ మొదలైన దగ్గర్నుంచి ఎలుకను ముట్టడం మానేసింది. ఇరవై రెండు రోజులైంది. ఆ జాతి పాములు నెలల తరబడి తినకపోయినా చావవని మాస్టారు భార్య కుంతర్తికి వివరంగా చెప్పారు. ఆవిడ ఆ వివరాన్ని వదిలేసి, "మా పాము రంజాన్ నెల పెట్టిన రోజునుంచీ ఏమీ తినట్లేదు సమినెం," అని ఎదురింట్లో చెప్పి వచ్చింది.

సమినెం సాయంత్రాలు ఇంటి ముందు టెంపే బజ్జీలు, అంటే పులియబెట్టిన సోయాగింజల బజ్జీలు అమ్ముతుంది. బజ్జీతోపాటు వార్త కూడా ప్రతి ఇంటికీ చేరింది. మర్నాటికల్లా వీధిలో పిల్లలెవరైనా ఆకలంటే చాలు, "సిగ్గులేదూ? మాస్టారింటి పాము కూడా ఉపవాసముంటోంది!" అని తల్లులు మొదలెట్టారు. ఆ తర్వాత పిల్లల్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి చూపించడం మొదలైంది.

"అది ఉపవాసం కాదమ్మా! దానికి ఆకలి మందగించింది!" అని మాస్టారు గొంతు చించుకున్నారు.

"ఆకలిని అదుపులో పెట్టుకోవడమంటే అదే కదా మాస్టారూ," అందొక తల్లి భక్తిగా.

"దాని ముందు మనుషులుంటే తినదు! మీరంతా పోతే తింటుంది!"

"చూశావట్రా? ఎవరూ చూడకపోతే తినేద్దామని అనుకునే రకం కాదురా అది," అంది ఆ తల్లి కొడుకుతో, ఆయన చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? గాజుపెట్టె చుట్టూ పొద్దస్తమానం పదిమంది ముక్కులు ఆనించి చూస్తుంటే పాము ఏం తింటుంది? తినడం లేదని వీళ్లు చూడ్డానికి రావడం, వీళ్లు వచ్చారని అది తినకపోవడం!

సంతలో ఎలుకలమ్మేవాడు తెల్ల ఎలుకను చంపి ఇచ్చాడు. బతికున్నదాన్ని పెడితే అది పామునే కొరుకుతుందని మాస్టారు ఎప్పుడూ అలాగే తీసుకుంటారు. వాడి దగ్గర సంచులు అయిపోయాయి. పక్క హోటలతన్ని అడిగి, అన్నం పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం ఒకటి తెచ్చి, అందులో ఎలుకను చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఇచ్చాడు. ఆ హోటలు కూడా రంజాన్ నెల కాబట్టి ముందు వైపంతా గుడ్డ కట్టుకుని, లోపల తినేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపించేలా నడుస్తోంది. సరిగ్గా ఆ గుడ్డ పక్కనుంచి, మిట్టమధ్యాహ్నం, చేతిలో అన్నం పొట్లంతో మాస్టారు బయటికొచ్చేసరికి ఎదురుగా సమినెం, మార్కెట్ బుట్టతో.

ఆవిడ పొట్లాన్ని చూసింది. గుడ్డను చూసింది. మళ్లీ పొట్లాన్ని చూసింది.

"ఏంటి మాస్టారూ అది?"

"మెలాతికి భోజనం."

"మెలాతి ఉపవాసంలో ఉంది కదా?"

"ఉపవాసం లేదు, గాడిదగుడ్డూ లేదు! ఇది దాని కోసమే!"

"అయితే ఓసారి విప్పి చూపించండి."

విప్పితే అయిపోయేది. కానీ మాస్టారు విప్పలేదు. ముప్పై ఏళ్లు పిల్లల సంచులు తనిఖీ చేసిన మనిషిని నడిబజార్లో పొట్లం విప్పమంటే అరికాలి మంట నెత్తికెక్కదా? "నన్ను తనిఖీ చేసేంత దానివయ్యావా నువ్వు?" అని కసిరి, పొట్లం చంకలో పెట్టుకుని విసవిసా వచ్చేశారు.

ఆ సాయంత్రం నాలుగింటికి ఎలుకను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి తీసి, పట్టకారుతో మెలాతి ముందు ఆడించారు. పాము బంతిలా చుట్టుకుంది. ఆయన ఢంకా కొట్టి వచ్చేసరికి హాలంతా పామును చూడొచ్చిన జనం, పిల్లలు. ఎలుక పాడైపోయింది. దాన్ని పెరట్లో పాతిపెట్టి పడుకున్నారు.

తెల్లారాక వీధి పెద్ద హర్జోనో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అది మంచి శకునం కాదు.

"మాస్టారూ, నేను నమ్మానని కాదు. కానీ మాట బయటికొచ్చింది. పాము పేరు చెప్పి పగటిపూట అన్నం పొట్లాలు..."

"ఎవడయ్యా అన్నది?"

"వీధి అంటోంది."

"వీధికి నోరుందా?"

"నలభై ఇళ్లు కదా మాస్టారూ, ఎంత లేదన్నా ఉంటుంది. ఇవాళ్టికి ఢంకా మంగలి త్రిమాన్ కొడతాడు. పగలు తిన్న చెయ్యి సాయంత్రం కొట్టిందని రేపెవరూ అనకూడదు, మీ మంచికే చెబుతున్నా."

మాస్టారికి తల కొట్టేసినంత పనైంది. పద్నాలుగేళ్లు! జ్వరం వచ్చినా, వాన కుండపోతగా కురిసినా ఒక్క సాయంత్రం తప్పలేదు. పైగా ఆయన నిజంగానే ఉపవాసంలో ఉన్నారు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోతోంది. ఆకలితో ఉన్న మనిషిని తిన్నావని అనడం కంటే అన్యాయం ఇంకేముంది?

"ఇవాళ నాలుగింటికి అందర్నీ రమ్మను," అని అరిచారు. "మీ కళ్లముందే పెడతాను. అది తింటే నిన్న పొట్లంలో ఉన్నది ఎలుకేనని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం. తినకపోతే?"

"తినకపోతే ఆ కర్ర ఈ జన్మలో ముట్టను!"

హర్జోనో వెళ్లగానే కుంతర్తి వంటింట్లోంచి వచ్చింది. "చూసేవాళ్లుంటే అది తినదని పదిమందికీ చెప్పింది మీరేనా, ఇంకెవరైనానా?"

మాస్టారు చెప్పులు వేసుకుని సంతకు బయల్దేరారు. ఈసారి ఎలుకను గాజుసీసాలో పెట్టించి, వీధి పొడుగునా తలకంటే ఎత్తున పట్టుకుని నడిచి వచ్చారు. ఒక్క మనిషి కూడా గడప దాటి చూడలేదు. చూడాల్సినప్పుడు ఎవరూ చూడరు!

నాలుగింటికి మాత్రం ఇల్లు కిటకిటలాడింది. వసారాలో గాజుపెట్టె, చుట్టూ ముప్పై మంది. ఎలాగూ ఉపవాసం విడిచే వేళ అవుతుంది కదా అని సమినెం బజ్జీల పళ్లెం ఇక్కడికే తెచ్చేసింది. హర్జోనో ఖర్జూరాలు తెచ్చాడు. కుంతర్తి అందరికీ టీ పోసి, గ్లాసుల మీద మూతలు పెట్టింది. న్యాయవిచారణకు వచ్చారా, విందుకు వచ్చారా?

మాస్టారు ఎలుకను ఆడించారు. మెలాతి బంతి కట్టింది. నాలుగున్నరైంది. ఎలుకను మళ్లీ వెచ్చబెట్టి ఆడించారు. మెలాతి కదల్లేదు. ఐదైంది. మాస్టారు పట్టకారును ఎడంచేతిలోకి మార్చుకున్నారు.

"పాపం, పామునెందుకు పాపంలోకి లాగుతారు?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"తిను తల్లీ," అని మాస్టారు గాజుకు ముఖం ఆనించి బతిమాలారు. "నా పరువు నీ నోట్లో ఉంది."

ఐదున్నర దాటింది. వసారాలో వెలుగు తగ్గింది. ముప్పైమందికీ ఇప్పుడు పాము పట్టలేదు. అందరి చేతుల్లో ఖర్జూరాలు, అందరి మొహాలు మసీదు వైపు. ఊపిరి కూడా మెల్లిగా పీలుస్తున్నారు. గాజుపెట్టె వైపు చూసే కన్ను ఒక్కటీ లేదు. అప్పుడు మెలాతి తల బయటికొచ్చింది. నాలుక ఆడించింది. మెడ వెనక్కి లాగింది.

మసీదు నుంచి త్రిమాన్ కొట్టిన తొలిదెబ్బ వినిపించింది. అదే క్షణంలో గాజుపెట్టెలో ధబ్‌మని చప్పుడైంది. అందరూ గిర్రున తిరిగారు. ఎలుక తల మెలాతి నోట్లో ఉంది, ఒంటిని మూడు చుట్లు చుట్టేసింది.

"అమ్మో! ఢంకా మోగేదాకా ఆగింది!" అని సమినెం కేకపెట్టింది.

"కాదు!" అని మాస్టారు గంతేసి లేచారు. "సూర్యాస్తమయమైంది కాబట్టి తిన్నది! చీకటి పడితే వేటాడటం దాని జాతి లక్షణం!"

"మేమంటున్నదీ అదే కదా మాస్టారూ," అన్నాడు హర్జోనో చెమ్మగిల్లిన కళ్లతో. "సూర్యాస్తమయమైంది కాబట్టే తిన్నది. నిన్న మీరు తెచ్చింది దాని ఇఫ్తారే. మాదే పొరపాటు. రేపటినుంచి కర్ర మీదే."

"అసలు విషయం అదికాదయ్యా..."

కుంతర్తి టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, చెవి దగ్గర గొణిగింది. "కర్ర కావాలా, సైన్సు కావాలా?" ఆయన నోరు తెరవబోతే మళ్లీ అంది. "ఏడాదంతా దానికి పొద్దుగూకాక పెట్టేవారు. ఢంకాకు పోవాలని ఈ నెలంతా ఎండ ఉండగానే పెట్టిందెవరు? నేనా?"

మాస్టారు ఆలోచించారు. ఉన్న కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియలేదు. టీ తాగారు.

మర్నాడు ఆయన ఉతికిన చొక్కా వేసుకుని మసీదుకు వెళ్లి, పద్నాలుగేళ్లలో ఎన్నడూ కొట్టనంత గట్టిగా ఢంకా కొట్టారు. చెమట తుడుచుకుంటూ అరుగు మీదికొచ్చి చూస్తే, వీధి జనమంతా ఖర్జూరాలు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఒక్కరూ నోట్లో వేసుకోలేదు. హర్జోనో చెవి దగ్గర ఫోను పెట్టుకుని కుంతర్తిని అడుగుతున్నాడు: "ఢంకా అయితే మోగిందమ్మా. పాము తిన్నదా?"

నిన్న తిన్న పాము మళ్లీ నోరు తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులు పడుతుందని చెప్పడానికి మాస్టారికి ధైర్యం చాల్లేదు.