కోటింగ్ కారుకు వేపమండ

సోమవారం ఉదయం బాలనర్సింహ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి సాగర్ రోడ్డు మీది షోరూంలో కొత్త కారు తాళాలు తీసుకోవాలి. మధ్యాహ్నంలోగా ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీది మైసమ్మ ముందు కారు ఆపి, బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాలి. ఇంటికొచ్చి అన్నం తినాలి. సరిగ్గా వారం తర్వాత, వచ్చే సోమవారం ఎనిమిదింటికి, ఆదిబట్లలోని ఒక కంపెనీ గేటు ముందు ఆ కారుతో నిలబడాలి.

ఆ చివరి పని మీదే అతని బతుకంతా ఆధారపడి ఉంది. ఇరవై రెండేళ్లు పరాయి టిప్పర్లు నడిపాడు. ఊరి చుట్టూ లేచిన వెంచర్లలో సగానికి మట్టి తోలింది అతనే. ఇప్పుడు మొదటిసారి తన బండికి తానే యజమాని. కంపెనీ ఇంజనీర్లను తెచ్చి దింపే పని, మూడేళ్ల ఒప్పందం. సోమవారం రాకపోతే ఆ చోటు మన్నెగూడ పరమేశ్వర్‌ది. పరమేశ్వర్ అప్పటికే తన కారు కడిగి కూర్చున్నాడు.

షోరూంలో రాకేశ్ అనే సేల్స్ కుర్రాడు తాళాలు చేతికివ్వబోయి ఆగాడు.

"సార్, సిరామిక్ కోటింగ్ వేయించుకోరా?"

"అంటే ఏంది?"

"మీరు మొహానికి క్రీమ్ రాసుకుంటారు కదా సార్?"

"రాసుకోను."

రాకేశ్ వెంటనే ఫోన్‌లో వీడియో పెట్టాడు. అందులో ఒక కారు మీద బురద పోస్తే జారిపోయింది. నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టు ముత్యాలై దొర్లిపోయాయి. బాలనర్సింహ ఒక మంచి ప్రశ్నే అడిగాడు.

"కంపెనీ వేసిన రంగు ఉన్నది గద. మరి గదేం పనిచేస్తది?"

రాకేశ్ గొంతు తగ్గించాడు. ఎవరిదో చావు కబురు చెబుతున్నట్టు ముఖం పెట్టాడు. "ఇబ్రహీంపట్నం వైపు దుమ్ములో ఇప్పుడు సిమెంట్ ఎక్కువ సార్. ఆరు నెలల్లో రంగు తినేస్తుంది. మొన్ననే ఒక కస్టమర్ ఇక్కడే నిలబడి ఏడ్చారు సార్."

"ఎవరు?"

"పేరు చెప్పకూడదు సార్."

అంగడిలో బర్రెను కొనాలంటే పండ్లు చూసి, పొదుగు పిండి చూసి, నాలుగు అడుగులు నడిపించి చూసే మనిషి బాలనర్సింహ. టమాటాల బండి దగ్గర రెండు రూపాయల కోసం అరగంట నిలబడతాడు. కానీ ఇరవై రెండేళ్లలో అతన్ని ఎవరూ 'సార్' అనలేదు. రాకేశ్ పది నిమిషాల్లో పదిహేడు మాట్లు అన్నాడు. ఇరవై ఎనిమిది వేలు చెల్లించాక బిస్కెట్లు కూడా పెట్టాడు.

కారు వెనక తెర చాటుకు వెళ్లింది. రెండు గంటల తర్వాత తిరిగొచ్చింది. పోయినప్పుడు ఎలా ఉందో వచ్చినప్పుడూ అలాగే ఉంది. "కోటింగ్ కంటికి కనిపించదు సార్. అదే దాని గొప్ప," అన్నాడు రాకేశ్. ఆ గొప్పదనాన్ని బాలనర్సింహ పూర్తిగా నమ్మాడు.

కోటింగ్‌తో పాటు ఒక కాగితం ఇచ్చారు. దాన్ని కారులోనే భార్య రేణుక చదివింది. ఏడు రోజులు బండి మీద నీళ్లు పడకూడదు. ఎండ తగలకూడదు. దుమ్ము అంటకూడదు. చేత్తో ముట్టకూడదు. రంగు పదార్థాలేవీ పూయకూడదు. వీటిలో ఏది తప్పినా గ్యారంటీ చెల్లదు.

వెనక సీట్లో పసుపు కుంకుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి ప్రేమమ్మ అంతా విన్నది. కారు చెరువు కట్ట మీద ఆగకుండా మైసమ్మను దాటిపోయింది.

"ఆపురా! బొట్టన్న పెట్టనీయవా?"

"బొట్టు పెడితె గ్యారంటీ పోతదే అమ్మా. ఏడు దినాలు ఆగు."

"నీళ్లు పోయొద్దు, ముట్టొద్దు, ఎండ తగలొద్దు..." ప్రేమమ్మ వేళ్లు మడిచింది. "గివన్నీ మనిషికి అమ్మవారు పోసి, ఒంటినిండ పొక్కులు లేస్తె చేస్తరు. బండికేం పోసిందిరా?"

ఎండ తగలని చోటు ఇంటి మొత్తంలో ఒక్కటే, బర్రె కట్టేసే రేకుల కొట్టం. సాయంత్రానికి బర్రె బయట సజ్జకు కట్టిన చీర నీడలోకి, కారు కొట్టంలోకి మారాయి. రేకులు వేడెక్కుతాయని ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కారుకే పెట్టారు.

"మంచిగున్నది," అంది రేణుక కొంగుతో విసురుకుంటూ. "బర్రెకు ఎండ, నాకు ఉక్క, బండికి గాలి. పాలు గూడ గదే ఇస్తదా?"

మంగళవారం గల్లీ మొత్తం కారు చూడటానికి వచ్చింది. పిల్లలు అద్దం మీద ముక్కులు ఆనించారు. పక్కింటి రుక్మాబాయి బానెట్‌లో తన ముఖం చూసుకుని, కొంగు తడిచేసి తుడవబోయింది. బాలనర్సింహ పెట్టిన కేకకు బయట బర్రె తాడు తెంపుకుంది. ముట్టొద్దని ఎంతమందికి చెబుతాడు? చెప్పేకొద్దీ ఎందుకని అడుగుతున్నారు. ఎందుకో చెబితే ఇరవై ఎనిమిది వేల సంగతి చెప్పాలి. అది చెబితే గల్లీలో తలెత్తుకు తిరగలేడు.

అప్పుడు తల్లి కారులో అన్న మాట గుర్తుకొచ్చింది.

బుధవారం పొద్దున అతను గేటుకు రెండు వేపమండలు కట్టాడు. ఆ గల్లీలో గుమ్మానికి వేపమండ వేలాడిందంటే లోపల ఎవరికో అమ్మవారు పోసినట్టే. చుట్టం రాడు, చీటీవాడు రాడు, పిల్లలు అటు చూడరు. ఆ రెండు మండలతో గేటు దగ్గర నిశ్శబ్దం పరుచుకుంది. బాలనర్సింహ తన తెలివికి తానే మురిసిపోయాడు.

"తల్లి పేరు మీద అబద్ధమాడినవ్," అంది ప్రేమమ్మ. "జర భయముండాలె."

"ఎవనికి నష్టమే? ఆదివారం దాటితె తీసేస్త."

నష్టం మర్నాడే గేటు ముందుకొచ్చి నిలబడింది. ఆశా కార్యకర్త స్తుతి చేతిలో రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే రుక్మాబాయి.

"ఎవరికి పోసిందన్నా?" అడిగింది స్తుతి.

బాలనర్సింహ తల్లి వైపు చూశాడు. ప్రేమమ్మ గొంతు లేపింది. "నాకు చిన్నప్పుడే పోసింది. నన్ను చూపియ్యకు!"

రేణుక వైపు చూశాడు. ఆమె చేతిలో రోకలి ఉంది.

"నాకే," అన్నాడు బాలనర్సింహ, తువ్వాలు తలమీదుగా ముఖానికి కప్పుకుంటూ.

"గడప దాటి కాలు బయటపెట్టకు," అని స్తుతి పేరు రాసుకుని పోయింది. బాలనర్సింహకు తెలియని సంగతి ఒకటే. కంపెనీలో బండ్లు చూసే సూపర్‌వైజర్ ఇశ్రాయేలు ఆమెకు స్వయానా మేనమామ.

శుక్రవారం ఇశ్రాయేలు ఫోన్ చేశాడు.

"బాలనర్సింహా, నీకు అమ్మవారు పోసిందట. సోమవారం రాకు. ఇంజనీర్లకు అంటితె నా నౌకరీ పోతది. పరమేశ్వర్‌ను పిలుస్తున్న."

"అన్నా! నాకేం లేదన్నా! మంచిగున్న!"

"పోసినోళ్లందరు గట్లనే అంటరు. పండుకో."

"ఒట్టు అన్నా! ఆదివారం వచ్చి నీ కండ్లతోని చూడు. ఒక్క పొక్కు కనవడ్డా నా బండి పరమేశ్వర్‌కే ఇచ్చేస్త!"

ఇశ్రాయేలు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. అయిదు నిమిషాలకు పరమేశ్వర్ ఫోన్ వచ్చింది. "అన్నా, ఆరోగ్యం ఎట్లున్నది? ఫికర్ చేయకు. తొందరేం లేదు. నెల రోజులు మంచిగ పండుకో." శనివారం కూడా చేశాడు. "పొక్కులు మస్తుగ లేచినయా?" అని ఆశగా అడిగాడు.

ఆదివారం పొద్దున బాలనర్సింహ గడ్డం గీసుకుని, తెల్ల బనియను వేసుకుని, ఒళ్లంతా కనిపించేలా కొట్టంలో కారు పక్కన కుర్చీ వేసుకుని ఇశ్రాయేలు కోసం ఎదురుచూశాడు. గేటు చప్పుడైంది. వచ్చింది ఇశ్రాయేలు కాదు.

రుక్మాబాయి ముందు, వెనక అయిదుగురు ఆడవాళ్లు. అందరి చంకల్లో బిందెలు. బిందెల్లో వేపాకు, పసుపు కలిపిన నీళ్లు. అమ్మవారు పోసిన మనిషికి అయిదో రోజున ఆ నీళ్లతో స్నానం చేయిస్తారు. వేపమండ కట్టి ఆదివారానికి సరిగ్గా అయిదు రోజులు. గల్లీ లెక్క తప్పలేదు.

"రా కొడకా, కూసో. నీళ్లు పోస్తం," అంది రుక్మాబాయి భక్తిగా. తర్వాత దగ్గరికొచ్చి చూసింది. చెయ్యి తిప్పి చూసింది. బనియను ఎత్తి వీపు చూసింది. "ఒక్క పొక్కు లేదేందిరా?"

బాలనర్సింహ బనియను కిందికి లాక్కున్నాడు. నాలుగు రోజులుగా పళ్లు బిగబట్టుకున్న ప్రేమమ్మ ఇక ఆగలేదు.

"వానికి కాదు రుక్మక్కా. గా బండికి."

"బండికా?"

"అవ్. నీళ్లు పోయొద్దట, ముట్టొద్దట, ఎండ తగలొద్దట. ఇరవై ఎనిమిది వేలు ఇచ్చి పోయించుకున్నడు."

రుక్మాబాయి ముఖం మెల్లగా ఎర్రబడింది.

"తల్లి పేరు మీద తెచ్చిన నీళ్లు ఎన్కకు తీస్కపోవద్దు. పోయుండ్రే!"

"అక్కా! వద్దక్కా! గ్యారంటీ!" బాలనర్సింహ బానెట్ మీద అడ్డంగా పడ్డాడు. మొదటి బిందె అతని మీదే పడింది. మిగిలిన అయిదు కారు నలుమూలలా పడ్డాయి. ఆఖరున ప్రేమమ్మ వారం నుంచి దాచిన పళ్లెం తెచ్చి, బానెట్ నడిమధ్య అరచేయంత కుంకుమ బొట్టు పెట్టింది. మైసమ్మ తల్లికి దండం పెట్టి పక్కకు జరిగింది.

బాలనర్సింహ లేచి కారు చూశాడు. నీళ్లు ముత్యాలై దొర్లలేదు. తామరాకు జాడే లేదు. పసుపు నీళ్లు తెల్ల రంగుకు హాయిగా అంటుకుని చారలు చారలుగా కిందికి దిగుతున్నాయి. ఆ సంగతి అతని బుర్రకు ఎక్కకముందే గేటు దగ్గర ఎవరో దగ్గారు.

ఇశ్రాయేలు. చంకలో సంచి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో గాని ముఖం మీద నవ్వు ఆపుకుంటున్నాడు.

"అయితే పోసింది బండికన్నమాట. మనిషికేం లేదు గద?"

"లేదన్నా! చూడు!" తడిసిన బనియను ఎత్తాడు బాలనర్సింహ.

"ఖుషీ. రేపు ఎనిమిదింటికి రా. డోర్లకు మా కంపెనీ స్టిక్కర్లు వెయ్యాలె, తెచ్చిన." సంచిలోంచి చెయ్యంత పొడుగు స్టిక్కరు తీస్తూ అలవాటుగా అడిగాడు. "కోటింగ్ గీటింగ్ ఏం వేయించలేదు గద?"

వారం రోజుల్లో కోటింగ్ మాట ఎగతాళి లేకుండా ఎత్తినవాడు అతనొక్కడే. బాలనర్సింహ ఛాతీ ముందుకొచ్చింది. "ఎందుకు వేయించలేదన్నా? సిరామిక్! ఇరవై ఎనిమిది వేలు!"

ఇశ్రాయేలు స్టిక్కరును మళ్లీ సంచిలోకి తోశాడు.

"గదే వద్దన్నది. కోటింగ్ బండ్లకు స్టిక్కర్ పట్టదు. పోయిన నెల మూడు బండ్లవి ఔటర్ రింగ్ రోడ్డు మీద లేచిపోయినయి. ఒకటి పోయి ఎన్క లారీ అద్దానికి అంటుకున్నది. కోటింగ్ బండి తీస్కోవద్దని మేనేజర్ ఆర్డర్. నేనేం జేయలేను బాలనర్సింహా. పరమేశ్వర్‌నే పిలుస్త."

బాలనర్సింహ ఖాళీ డోరు వైపు చూశాడు. ఏడు రోజులు ఫ్యాను వేసి, బర్రెను ఎండకు కట్టి, మైసమ్మను దాటిపోయి, రోగి వేషం వేసి అతను కాపాడుకున్నది తన ఉద్యోగాన్ని మింగే వస్తువునట. ఇరవై రెండేళ్ల టిప్పరు స్టీరింగ్ మళ్లీ కళ్ల ముందు కనిపించింది.

"ఒక్కపారి అంటించి చూడు అన్నా," అంది రేణుక. ఆమె చూపు పసుపు చారల మీదే ఉంది.

ఇశ్రాయేలు విసుక్కుంటూ డోరు తుడిచి స్టిక్కరు మూల ఒకటి అదిమాడు. రేణుక టీ తెచ్చింది. టీ తాగి, "చూడు, గిట్ల లేస్తది," అంటూ గోరుతో మూల లేపబోయాడు. లేవలేదు. రెండు చేతులతో పీకాడు. గోరు విరిగింది. స్టిక్కరు కదల్లేదు.

"నీకు కోటింగ్ ఉన్నదని ఎవడు చెప్పిండు?" అన్నాడు వేలు చప్పరిస్తూ.

బాలనర్సింహ షోరూంలోని రాకేశ్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నమస్తే సార్! కోటింగ్ ఎలా మెరుస్తోంది సార్?"

"వేసినవా, లేదా?"

"సార్... ఆ రోజు కోటింగ్ వేసే మనిషి సెలవులో ఉన్నాడు సార్. బండి కడిగి తుడిచి ఇచ్చాం. మీకు చెప్పేలోపే మీరు వెళ్లిపోయారు సార్. తప్పు మాదే. ఇప్పుడే బండి పంపించండి, గంటలో వేసేస్తాం. ఇంకో కోటు ఉచితం!"

"వద్దు!" కొట్టంలో అందరూ ఒకేసారి అరిచారు. రుక్మాబాయి గొంతు అందరికన్నా పైన వినిపించింది.

"మరి నా పైసలు?" అన్నాడు బాలనర్సింహ.

"సిస్టంలో కోటింగ్ వేసినట్టే చూపిస్తోంది సార్. వేసిన కోటింగ్‌ను వాపసు తీసుకోవడం కుదరదు సార్."

సోమవారం ఎనిమిదింటికి కారు కంపెనీ గేటు ముందు ఉంది. రెండు డోర్లకు స్టిక్కర్లు, బానెట్ మీద చెరగని కుంకుమ బొట్టు, అక్కడక్కడ లేత పసుపు చారలు. ఫ్యాను ఇంట్లోకి, బర్రె కొట్టంలోకి తిరిగొచ్చాయి.

నెల తర్వాత షోరూం నుంచి ఒక తియ్యటి గొంతు పలికింది. "సార్, మా కోటింగ్ సేవకు అయిదులో ఎన్ని మార్కులు ఇస్తారు?"

బాలనర్సింహ కదలని స్టిక్కరు వైపు చూసి, "అయిదు," అన్నాడు.

"ధన్యవాదాలు సార్! ఈ కోటింగ్ అవసరమున్న స్నేహితులు ఎవరైనా ఉన్నారా సార్?"

బాలనర్సింహ క్షణం కూడా ఆలోచించకుండా మన్నెగూడ పరమేశ్వర్ ఫోన్ నంబరు చెప్పాడు.