ఉపాసముండి చెప్పిన ఇంగ్లీషు

నా బామ్మర్ది సాజిద్ మీద నాకు కోపం లేదని ఎవలన్న చెప్తే నమ్మకండి. ఇంగ్లీషుల ఎమ్మే చదివిండు, కొలువు లేదు. తొర్రూరుల నా కుట్టు దుకాణం ముందటి సగంల ట్యూషన్ పెడతనని వాళ్ల అక్క చెవుల జోరీగ తీర్గ మోగేటోడు. ఆ అక్కనే నా భార్య నఫీసా బేగం.

తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెల బళ్లు బందైనయి. మా బిడ్డ కహ్కషాన్ పదో తరగతి. తాళమేసే నాడు ఇంగ్లీషు సారు పుస్తకం నిండ ప్రశ్నలిచ్చి, బడి తెరిచేనాటికి జవాబులు రాసుకరమ్మన్నడు. సమ్మె సారుకు, శిక్ష పిల్లకు.

నఫీసాకు సందు దొరికింది. దుకాణం సగమియ్యి, తమ్ముడు చెప్తడన్నది.

"నేనే చెప్త," అన్న.

"నువ్వు ఐదో తరగతిల గోడ దునికినోనివి."

"దునికేముందు ఇన్నది శానుంది."

"అయితే బడి తెరిచేదాక చెప్పు సూద్దాం. నీతోని కాకపోతే ముందటి సగం సాజిద్‌ది."

ఒప్పుకున్న. నా ధైర్యమంత చౌరస్తల టెంటు. రిలే దీక్షల సార్లు పొద్దంత అక్కడనే కూసుంటరు. పనిలేదు, తిండిలేదు. గ్రామరు అడిగితే కాదంటరా?

అయితే టెంటుల ఊకె కూసోనియ్యరు. మెడల దండ ఏసుకోవాలె, పొద్దుమీకి నిమ్మరసం ఇచ్చేదాక పస్తుండాలె. దర్జీల సంఘం తరఫున కూసున్న. పక్కన టెంటు చూసుకునే సంజీవ సారు. మెల్లగ ప్రశ్న జరిపిన. సారు చూసి, జర ఆలోచించాలె అని టెంటెనక్కు పోయిండు. వచ్చి కరపత్రం ఎనక జవాబు రాసిచ్చిండు. ఉపాసంల నేనే రాసిన అని బిడ్డకిచ్చిన. "అబ్బా, నీకు గింత ఇంగ్లీషొస్తదా?" అన్నది. ఆ చూపుకు ఆకలి సగం సచ్చింది.

మిగిలిన సగం నన్ను సంపింది. తెల్లారి ఆటో యూనియన్, మర్నాడు మంగలి సంఘం, ఆ తెల్లారి కంసాలి సంఘం. ఎవరి దండైనా మెడ నాదే. నఫీసా వాడకట్టు పిల్లల ప్రశ్నలు సుత తెచ్చి జేబుల కుక్కేది. రంజాన్‌ల కడుపునొప్పని ఎగ్గొట్టిన రోజాలన్ని ఇప్పుడు తీరుతున్నయని నవ్వేది.

ఒకనాడు సారు ర్యాలీకి పోయిండు. ఏటి ఒడ్డున కూసున్నోడు ఎందుకేడ్సిండని పాఠంల ప్రశ్న. టెంటంత కలిసి ఆలోచించింది. మన నీళ్లు కిందికి పోతున్నయని ఏడ్సిండని ఆటో ముత్తయ్య తేల్చిండు. పొద్దటిసంది తినకనే అని నేనన్న. ముత్తయ్య మాటకే చప్పట్లు పడ్డయి. ఇంటికాడ బిడ్డ అది చదివి నా మొకం చూసింది, కాయితం మడిచి పక్కకు పెట్టింది.

అప్పటిసంది నాకు సారు మీద అనుమానం. ప్రశ్న ఇచ్చినప్పుడల్లా టెంటెనక్కే ఎందుకు పోతడు? మిర్చీ బజ్జీలు తింటున్నడని ఖాయం చేసుకున్న. దొరకబట్టి ఒకటన్న గుంజుకోవాలని ఎనకనే పోయిన. సారు ఫోన్ల ఉన్నడు.

"సాజిద్, ఇయ్యాల ఎక్కువున్నయి, జర నెమ్మదిగ చెప్పు."

నన్ను చూసి తల దించిండు. "నాది లెక్కలు, గఫారన్నా. నలుగురిల అడిగితివి, రాదని ఎట్లంట? ఇంగ్లీషంటే నీ బామ్మర్దే యాదికొచ్చిండు."

దండ మెడలనే ఉంచుకొని ఇంటికురికిన. నఫీసా రొట్టెలు చేస్తున్నది.

"నీకు ఎరుకేనా?"

"మొదటి నాటిసందే. సాజిద్ ఆ పూటనే చెప్పిండు."

"మరి నన్నెందుకు పస్తు పండవెడితివి?"

"నీ జవాబులు చూసే కదా, వాడకట్టోళ్లంత పిల్లలను పంపుతమన్నరు. వాడు ఫోన్లనే ట్యూషన్ ఎప్పుడో షురూ చేసిండు. జాగొక్కటే లేకుండె."

నేను చేతులెత్తలేదు కదా అని వాదించిన. మరి రేపటి ప్రశ్నలు నువ్వే చెప్పు అని పుస్తకం ముందట పెట్టింది. పుస్తకం చూసిన, రొట్టెలు చూసిన. రొట్టె తీసుకున్న.

తెల్లారి సాజిద్ వచ్చి నా టేపుతోనే కొలిచిండు. "దూల్హే భాయ్, ఆ కొస జర గట్టిగ పట్టు," అన్నడు. పట్టిన. ఏడడుగులు ఇటు, తొమ్మిదడుగులు అటు. సరిగ్గ ఏడు గజాల జాగ పోయింది.