వెంట్రుకవాసి తక్కువ

ఆ శుక్రవారం గోపాలకృష్ణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కొత్త మిషనుకి పూజ, ఆ తర్వాత ఇడ్లీ, ఎండ ముదరకముందే జ్యూస్ ఫ్యాక్టరీ మేనేజరు క్రాంతి కుమార్ రాక, భోజనాల వేళకి ఆయన చేత ఏడాది ఆర్డరు మీద సంతకం. ఇందులో ఇడ్లీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

నూజివీడులోని లలితా ఇంజనీరింగ్ వర్క్స్ గోపాలకృష్ణది. పేరు మాత్రం భార్యది. తాతా తండ్రీ మామిడికాయల వ్యాపారం చేస్తే, ఈయన ఆ కాయల్ని పిండే మిషన్లకి విడిభాగాలు చేస్తాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఒక మిషను ఉన్నట్టు మరొకటి ఉండదు. ముసునూరు మిషనులో తిరిగే షాఫ్టు ఆగిరిపల్లి మిషనుకి పట్టదు. అందుకని ఏ ముక్కకి ఆ ముక్క విడిగా కొలత పెట్టి చెయ్యాలి, చేశాక మళ్ళీ కొలిచి చూడాలి. చేసేదానికంటే కొలిచేదానికే ఎక్కువ పొద్దుపోయేది.

"చేత్తో కొలిచిన సరుకు మేం తీసుకోమండీ. మిషను రిపోర్టు ఉంటేనే ఈ సీజను పని మీది, లేకపోతే హైదరాబాద్‌లో చేయించుకుంటాం" అని క్రాంతి కుమార్ తెగేసి చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ పని పోతే వర్క్‌షాపుకి మిగిలేది గేట్లకి గొళ్ళేలు బిగించుకోవడమే. అందుకే గోపాలకృష్ణ గుండె రాయి చేసుకుని కొలిచే మిషను కొన్నాడు. కొన్నవాడు ఊరుకోవచ్చుగా? టిఫిన్ సెంటర్లో, మంగలి షాపులో, ఆఖరికి ఒకరింటికి పరామర్శకి వెళ్ళినప్పుడు కూడా "చేత్తో కొలిచే రోజులు పోయాయండీ" అని చాటింపు వేశాడు.

మిషను బీరువా అంత ఉంది. తలుపు తీసి ముక్కని లోపల పెడితే కెమెరా దాన్ని నఖశిఖపర్యంతం చూసి, కంప్యూటర్లో ఉన్న డ్రాయింగుతో పోల్చి, తీర్పు చెబుతుంది. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు అక్షయ దానికి తెలుగు గొంతు కూడా పెట్టింది. లోపల ఓ మూల బొటనవేలంత స్టీలు కడ్డీ ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాన్ని మాస్టర్ అంటారు. దాని అసలు లావెంతో మిషనుకి ముందే తెలుసు. రోజూ స్విచ్ వెయ్యగానే మిషను ముందు ఆ మాస్టర్ని చూసుకుని, దాని లావుని బట్టి తక్కిన లోకాన్ని కొలుస్తుంది. బిగించడానికి వచ్చిన ఇంజనీరు వెళ్తూ వెళ్తూ "అద్దం మీద మాత్రం చెయ్యి పెట్టకండి" అన్నాడు. మాస్టర్ సంగతి ఏమీ చెప్పలేదు. పాపం, ఆయనది ఈ ఊరు కాదు.

పూజ వేళకి లలిత పసుపు గిన్నె పట్టుకుని మిషను ముందు నిలబడింది.

"అద్దానికి పెట్టొద్దమ్మా" అంది అక్షయ.

"మరెక్కడ పెట్టనే? తలుపుకి పెడితే బీరువాకి పెట్టినట్టుంటుంది. ఇందులో ముఖ్యమైంది ఏది?"

"ఇదిగో, ఈ మాస్టర్. ఇది లేకపోతే మిషను గుడ్డిదే."

ఇంకేముంది, లలిత ఆ కడ్డీ చుట్టూ తడిపసుపు చక్కగా మెత్తి, గడపకి పెట్టినట్టు కుంకుమబొట్లు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఆ వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేతుకి పసుపుంది, డ్రిల్లింగ్ మిషనుకి ఉంది, స్విచ్‌బోర్డుకీ ఉంది. కాబట్టి మాస్టర్ ఒంటిమీది పసుపుని అందరూ చూశారు, ఎవరికీ తేడాగా అనిపించలేదు. మిషను మాత్రం కళ్ళు తెరవగానే పసుపుతో సహా చూసి, మాస్టర్ లావు ఇదే కాబోలు అనుకుంది. ఆ లెక్కన లోకంలో మిగతావన్నీ ఒక వెంట్రుకవాసి సన్నబడిపోయాయి.

క్రాంతి కుమార్ వచ్చాడు. లేతు మీద పనిచేసే జోజిబాబు తను చేసిన షాఫ్టుని పురిటిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చి లోపల పెట్టాడు. జోజిబాబుకి తన చేతి మీద ఎంత నమ్మకమంటే, కొలతలో తేడా వస్తే డ్రాయింగు మళ్ళీ గీయమనే రకం.

"కొలత తక్కువ. తిరస్కరించబడింది" అంది మిషను, వార్తలు చదివినట్టు.

"ఏంటీ? ఎవర్నంటుందది?" జోజిబాబు చేత్తో కొలిచే మైక్రోమీటరు తీసి షాఫ్టుకి బిగించాడు. "చూడండి సార్, నా దాంట్లో గీత మీద గీత సరిగ్గా ఉంది."

క్రాంతి కుమార్ గోపాలకృష్ణ వైపు తిరిగాడు. "ఈయన సరే అంటాడు, అది కాదంటుంది. ఎవర్ని నమ్మమంటారండీ?"

ఊరంతా వేసిన చాటింపు వచ్చి గోపాలకృష్ణ గొంతుకి అడ్డం పడింది. "మిషన్నే నమ్మాలండీ" అన్నాడు నీరసంగా. జోజిబాబు చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

క్రాంతి కుమార్ అంతటితో వదల్లేదు. తన కారులో ఉన్న అదే కొలత షాఫ్టు మరొకటి తెప్పించాడు. అది ఫ్యాక్టరీలో మిషన్లు బిగించిన కంపెనీవాళ్ళు స్వయంగా ఇచ్చింది. దాన్నీ లోపల పెట్టారు.

"కొలత తక్కువ. తిరస్కరించబడింది."

కంపెనీ సరుకునే కాదన్నాక మిషను పిచ్చిదని తేలిపోయినట్టే, ఆర్డరు గంగలో కలిసినట్టే అనుకున్నాడు గోపాలకృష్ణ. కానీ క్రాంతి కుమార్ ముఖం వెలిగిపోయింది.

"అదీ సంగతి! ఏటా సీజన్లో మిషన్లు ఎందుకు ఊగుతున్నాయా అని జుట్టు పీక్కుంటున్నాను. సన్న షాఫ్టులు అంటగట్టారన్నమాట! గోపాలకృష్ణగారూ, మీ మిషను సామాన్యమైంది కాదండీ!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసి, అక్కడికక్కడే కంపెనీకి ఫోను చేసి, అవతలివాడు నోరెత్తకుండా ఉతికి ఆరేశాడు. "ఇకమీదట అన్నీ ఈ మిషను ఒప్పుకున్న కొలతకే చెయ్యండి. సరుకు చూశాక సంతకం" అని చెప్పి వెళ్ళాడు.

జోజిబాబు గొణుక్కుంటూ పోయి, వెంట్రుకవాసి లావుగా ఇంకో షాఫ్టు చేసుకొచ్చాడు.

"కొలత సరిపోయింది. అంగీకరించబడింది. ధన్యవాదాలు."

"ఇంకోసారి అనమను పాపా" అన్నాడు జోజిబాబు అక్షయతో. షాఫ్టు తీసి మళ్ళీ పెట్టాడు. మిషను మళ్ళీ అంది. "ఇన్నేళ్ళు చేశాను. మీరొక్కసారైనా అన్నారా ఓనర్‌గారూ, ఈ మాట?" అని మైక్రోమీటరుని సొరుగులో పడేసి తాళం వేసేశాడు.

మర్నాడు షాఫ్టులు ఫ్యాక్టరీకి వెళ్ళాయి. వెనకే ఫోను వచ్చింది.

"షాఫ్టు బుష్షులో దూరట్లేదండీ" అన్నాడు క్రాంతి కుమార్. బుష్షంటే షాఫ్టు తిరిగే లోహపు గొట్టం. గోపాలకృష్ణ వెనక్కి పంపెయ్యండి అనబోయేలోపే అవతలి గొంతు హుషారుగా సాగింది. "మీరేం కంగారు పడకండి. మీ రిపోర్టు నా చేతిలో ఉంది, షాఫ్టు కరెక్టే. తప్పు బుష్షుది! సన్న షాఫ్టుకి తగ్గట్టు దాన్నీ ఇరుగ్గా చేసి పెట్టారు దొంగలు. అన్నిటినీ వెడల్పు చేయిస్తున్నాను."

అన్నట్టే చేయించాడు. ఫ్యాక్టరీలో ఉన్న బుష్షులన్నీ వెంట్రుకవాసి వెడల్పయ్యాయి. మిషన్లు ఊగకుండా, అరవకుండా తిరిగాయి. గోపాలకృష్ణ టిఫిన్ సెంటర్లో మళ్ళీ నోరు విప్పాడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. "పాత పసుపు మీద కొత్త పసుపు పూస్తామా ఎక్కడైనా?" అంటూ లలిత చింతపండు పెట్టి మాస్టర్ని తళతళా తోమేసి, పువ్వులు తేవడానికి వెళ్ళింది. ఈలోగా అక్షయ స్విచ్ వేసింది. జోజిబాబు ఫ్యాక్టరీకి వెళ్ళాల్సిన షాఫ్టుని లోపల పెట్టి, చేతులు కట్టుకుని ధన్యవాదాల కోసం నిలబడ్డాడు.

"కొలత ఎక్కువ. తిరస్కరించబడింది."

జోజిబాబు ముఖం చూడాలి! "నిన్నటిదాకా బానే ఉంది కదా పాపా, నేనేం చేశాను దీన్ని?"

అక్షయ మెరిసిపోతున్న మాస్టర్ని చూసింది, కిందున్న గిన్నెలో పచ్చటి నీళ్ళు చూసింది, తల పట్టుకుంది. ఆ పిల్ల చెప్పింది విన్నాక గోపాలకృష్ణ స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడే పువ్వులతో వచ్చిన లలిత సంగతి తెలుసుకుని, "అంటే ఇప్పుడు తప్పు నా పసుపుదంటారా?" అని అడిగింది. అవునని చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

"ఫ్యాక్టరీవాళ్ళకి చెప్పకుండా ఊరుకుంటే పోలా?" అన్నాడు జోజిబాబు.

"రేపెప్పుడో ఆ వెడల్పు బుష్షుల్లో వేరే షాఫ్టు తెచ్చి బిగిస్తారయ్యా. అది ఊగి విరిగితే పక్కనున్న మనిషికి తగులుతుంది. చెప్పాల్సిందే" అన్నాడు గోపాలకృష్ణ. చెప్పాడే గానీ ఆయనకి భయం వేసింది. భయంకంటే ఎక్కువ సిగ్గు వేసింది. స్కూటరు మీద తోటల మధ్య వెళ్తున్నంతసేపూ గేట్ల గొళ్ళేలే కళ్ళముందు ఆడాయి.

ఫ్యాక్టరీ ఆవరణంతా కలెక్టరు మామిడికాయ లోడ్లతో నిండి ఉంది. గోపాలకృష్ణ మేనేజరు గదిలో నిలబడే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పసుపు, మాస్టర్, వెంట్రుకవాసి, ఏదీ దాచలేదు. "తప్పు మాది. ఆర్డరు మీ ఇష్టమండీ" అని ముగించాడు.

క్రాంతి కుమార్ లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మా ఇంట్లోవాళ్ళకి, జోజిబాబుకి. అంతేనండీ."

"అంతటితో ఆపండి" అన్నాడు క్రాంతి కుమార్ గొంతు తగ్గించి. "బంగారంలాంటి బుష్షుల్ని గీకించింది నేను. హెడ్డాఫీసుకి కంపెనీవాళ్ళు దొంగలని చెప్పింది నేను. పైగా వాళ్ళు భయపడి క్షమించమన్నారు కూడా! ఇప్పుడు బుష్షులు మార్చాలంటే ప్లాంటు ఆపాలి. బయట కాయ చూశారుగా, రెండ్రోజులాగితే ఈగలే మిగుల్తాయి. మా మిషన్లకి పట్టే షాఫ్టు ఇక దేశంలో మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదండీ."

గోపాలకృష్ణ కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆ వెంట్రుకవాసిని డ్రాయింగులోనే కలిపేస్తే చాలంది మా అమ్మాయి" అన్నాడు.

"కలిపెయ్యండి" అంటూ క్రాంతి కుమార్ ఆర్డరు కాగితం తీసి, ఏడాది అని ఉన్నచోట కొట్టేసి మూడేళ్ళని రాసి, సంతకం పెట్టి ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క షరతండీ. ఈ మూడేళ్ళూ మీరింకే కొత్త మిషనూ కొనకూడదు."