గోనెసంచిలో చలికాలం

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ముగ్గురు: పియర్ తోట రైతు ఇసావో, ఆయన తల్లి టోమే, కూతురు మినోరి. గుమ్మం లోపల పెట్టిన గోనెసంచిలో ఇంకా ఎవరెవరు ఉన్నారో తేలవలసి ఉంది.

సంచి మినోరిది. కంపు నల్లులు, అంటే నలిపితే కంపు కొట్టే రెక్కల పురుగులు, చలికాలమంతా రాలిన ఆకుల కింద నిద్రపోతాయి. మంచు దండిగా పడితే చాలామటుకు చస్తాయి. పడకపోతే బతికి, ఎండలు ముదిరాక తోటల మీద పడి కాయల రసం పీల్చి సొట్టలు చేస్తాయి. ఈసారి తొత్తోరి కొండల మీద మంచు నామమాత్రం. ఆకుల్లో ఎన్ని బతికాయో చూడాలని మినోరి గుడి వెనక అడవిలో ఆకులు ఊడ్చి తెచ్చింది. తోటలకు వలలు కప్పాలా వద్దా తేల్చడానికి రైతు సంఘం పెద్ద కురటానీ ఆ పూటే వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా నాన్నకు చూపించాలని ఆమె తొందర.

"వలలు దండగ. అవన్నీ చచ్చుంటాయిలే," అన్నాడు ఇసావో.

"చచ్చాయో లేదో చూద్దాం నాన్నా. మొన్నటేడు కాయలన్నీ పారబోశాం కదా!"

"పెద్దవాళ్ళ సంగతుల్లో దూరకు. పో, అంగడికెళ్ళి టోఫు పట్రా."

ఆమె అటు వెళ్ళగానే టోమే సంచి చూసింది. అతిథికి చిలగడదుంపలు కాల్చి పెట్టడానికి కొడుకు ఆకులు తెప్పించాడనుకుంది. చెయ్యి పెడితే తడి. ఆరుతాయని మూతి విప్పి, గదిని వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి పక్కన పెట్టింది.

కురటానీ వచ్చాడు. టీ తాగుతూ ఆయనా, ఇసావో కలిసి ఈ ఏడు నల్లులు లేవని తేల్చేశారు. అంతలో వాసన మొదలైంది. నల్లులు లేవని అప్పుడే తేల్చారు కాబట్టి నింద టీతో టోమే పెట్టిన ముల్లంగి ఊరగాయ మీద పడింది.

మర్యాదస్తుడైన కురటానీ ఒక ముక్క మింగి, "భలే ఘాటుగా ఉందండీ టోమేగారూ," అన్నాడు. ఆమె మురిసిపోయి గిన్నె నిండా మళ్ళీ పెట్టింది.

"అమ్మా, చెడిపోయింది, తీసెయ్," ఇసావో గొణిగాడు.

"నా ఊరగాయా? మీ నాన్న బతికినన్నాళ్ళూ తిన్నాడు, కిక్కురుమన్నాడా? కురటానీగారూ, మీరే చెప్పండి!"

చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. బట్టతల మీద ఏదో వాలింది. ఇసావో ఆలోచించకుండా పేపరు మడతపెట్టి ఒక్కటి వేశాడు. అసలు కంపు అప్పుడు వచ్చింది. పొయ్యి వేడికి మేలుకున్న సంచిలోవి ఆ చప్పుడుకు గుంపుగా లేచాయి.

మినోరి టోఫు గిన్నెతో వచ్చేసరికి ముగ్గురూ మేజోళ్ళతోనే వాకిట్లో ఉన్నారు.

"ఇసావో! వలలు కప్పాల్సిందే. అన్ని తోటలకీ!" కురటానీ తల రుద్దుకుంటూ అరిచాడు.

మినోరి మెడ చాచి లోపలికి చూసింది. "నాన్నా, దాదాపు అన్నీ బతికాయి!"

ఆ గొంతులోని సంతోషం ఎవరికీ నచ్చలేదు.

"ఆ సంచి నీదా తల్లీ?" అంది టోమే చాలా మెత్తగా. "అయితే వెళ్ళు. ఒక్కటి మిగలకుండా ఏరి, అప్పుడు రా."

టోఫు గిన్నెను మాత్రం భద్రంగా అందుకుని, మనవరాలిని లోపలికి నెట్టి తలుపు మూసింది.