ఆరు మీటల గొంతు

ఆ శనివారం ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు పళ్ల ఆసుపత్రి తాళం తీయాలి. తొమ్మిదికి డాక్టరమ్మ వచ్చేలోగా గోడకు మాటల పెట్టె బిగించాలి. సాయంత్రానికి ఉద్యోగం ఊడకుండా ఉండాలి. ఈ మూడింటిలో తాళం చెవి ఒక్కటే గుసగుస చేతిలో ఉంది.

గుసగుస ఆమె అసలు పేరు కాదు, ఆ గొంతు విని ఇంట్లోవాళ్లు పెట్టుకున్న పేరు. పుట్టినప్పుడు అది ఏడ్చిందో లేదో ఇప్పటికీ తేలలేదని పిన్ని అంటుంది. ఆసుపత్రి ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్లను వరసగా లోపలికి పిలవడం ఆమె పని. ఆమె పిలిచేది, ఎవరూ కదిలేవారు కాదు. దగ్గరకెళ్లి భుజం తడితే పంటి నొప్పి మనుషులు ఉలిక్కిపడి కేకలు పెట్టేవారు. శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. "రేపొక్క రోజు చూస్తానమ్మా. సోమవారం నుంచి గొంతున్న మనిషిని పెట్టుకుంటాను. నీ మీద కోపమేం లేదు."

కోపం ఉంటే బతిమాలుకోవచ్చు. లేనిదాన్ని ఏం చేస్తాం? గుసగుస ఆ రాత్రే రేడియోలు బాగుచేసే బాబాయికి మొర పెట్టుకుంది. ఆయన తెల్లారేసరికి ఒక సంచీతో సిద్ధమయ్యాడు.

"ఇదిగో, ఈ మాటల పెట్టెలో ఆరు ఛానెళ్లు. ఒక్కోదాంట్లో ఒక్కో మాట నింపుతాం. ఈ ఎర్ర మీటా ఛానెల్ మీటా కలిపి నొక్కి పట్టుకున్నంతసేపూ రికార్డవుతుంది, వదిలితే ఆగిపోతుంది. తర్వాత నీ బల్ల మీద ఆరు మీటలు పెడతా. ఏది నొక్కితే ఆ మాట గోడలోంచి వినపడుతుంది. నువ్వు నోరు విప్పక్కర్లేదు."

"ఇప్పుడు మాత్రం విప్పుతోందా?" అంది పిన్ని.

గొంతు అరువిచ్చేది పిన్నే. వీధి చివరికి వెళ్లిన మనిషిని గుమ్మంలో నిలబడి వెనక్కి రప్పించగల గొంతు అది. ఆమె కాగితం చూసి ఒక్కొక్కటే చదివింది. తర్వాతివారు లోపలికి రండి. పది నిమిషాలు కూర్చోండి. నిశ్శబ్దంగా ఉండండి. నోరు పెద్దగా తెరవండి, కదలకండి. పుక్కిలించి ఉమ్మండి. ఇవాళ్టికి అయిపోయింది, రేపు రండి. ఆఖరి మాట అయ్యాక కూడా బాబాయి వేలు మీట మీదే ఉంది.

"ఇంకా నొక్కే ఉన్నారా? మీకు వేలు పెట్టడమే గానీ తీయడం ఏ జన్మలోనూ తెలీదు" అంది పిన్ని. బాబాయి గబుక్కున వేలు తీశాడు. అప్పటికి స్పీకర్లు తగిలించలేదు కాబట్టి ఆ మాట కూడా లోపలికి వెళ్లిందని ఎవరూ గమనించలేదు.

ముందు గదిలో ఒక స్పీకరూ, డాక్టరమ్మ గదిలో ఒకటీ బిగించారు. ఇక మీటల పెట్టె. వైర్లు బిగించడానికి బాబాయి దాన్ని బోర్లా తిప్పాడు. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఆరు స్క్రూలు తిప్పాడు. చొక్కాను తిరగేసి తొడుక్కుంటే ఎడమ జేబు కుడివైపుకి వస్తుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఆ పూట తోచలేదంతే. మళ్లీ పెట్టెను నిటారుగా పెట్టి, మీటల కింద ఎడమ నుంచి ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు అంటించాడు. "ఇక నీకు ఢోకా లేదమ్మా" అని ఆశీర్వదించి, దుకాణం తెరిచే వేళయిందని పిన్నితో సహా వెళ్లిపోయాడు.

తొమ్మిదిన్నరకు బల్లల మీద ఎనిమిది మంది ఉన్నారు. అందరికంటే ముందు వచ్చింది బుగ్గ వాచిన పెద్దమనిషి. గుసగుస చీర సర్దుకుని 'తర్వాతివారు' అన్న మీట నొక్కింది.

"ఇవాళ్టికి అయిపోయింది, రేపు రండి" అంది గోడ. ఆగకుండా, "ఇంకా నొక్కే ఉన్నారా? మీకు వేలు పెట్టడమే గానీ తీయడం ఏ జన్మలోనూ తెలీదు" అని కూడా అంది.

బుగ్గ పెద్దమనిషి వాపు మీద నొక్కుకుంటున్న వేలు చటుక్కున తీసేశాడు. మిగతావాళ్లు లేచి గొణుక్కుంటూ తలుపు వైపు నడిచారు. గుసగుస అడ్డంగా పరిగెత్తి "ఆగండి, కూర్చోండి" అంది. ఆ మాట అన్నట్టు ఆమెకు మాత్రమే తెలుసు. వెనక్కి ఉరికి 'కూర్చోండి' నొక్కింది.

"పుక్కిలించి ఉమ్మండి."

అప్పుడే సీసా ఎత్తి నీళ్లు తాగుతున్న ఒకావిడ బుగ్గలు నింపుకుని నాలుగు దిక్కులూ చూసి, మూలనున్న పూలకుండీ దగ్గరికి వెళ్లింది. "ఇక్కడా? అందరి ముందా?" అని ఒకరు, "రేపు రమ్మని మళ్లీ ఉమ్మమంటారేంటి?" అని ఇంకొకరు. గది సంతలా తయారైంది. గుసగుసకు తల తిరిగిపోయింది. కళ్లు మూసుకుని 'నిశ్శబ్దం' నొక్కింది.

"నోరు పెద్దగా తెరవండి, కదలకండి."

పిన్ని గొంతులో ఏముందో గానీ, ఎనిమిది మందీ ఉన్నచోటే ఆగి నోళ్లు తెరిచారు. ఆ గదిలో అంత నిశ్శబ్దం అంతకు ముందెప్పుడూ లేదు.

లోపల గోడ కూడా ఇవే మాటలు అనేసరికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఎనిమిది తెరిచిన నోళ్లను చూసి గుమ్మంలోనే ఆగింది. తర్వాత జేబులోంచి చిన్న టార్చి తీసి ఒక్కొక్క నోట్లోకి తొంగి చూస్తూ నడిచింది. "మీకు చీము పట్టింది, మీరు ముందు రండి. మీది సాయంత్రం దాకా ఆగుతుంది. మీకసలు ఏమీ లేదు, ఎందుకొచ్చారు?" అంటూ రెండు నిమిషాల్లో వరస తేల్చేసింది. వెళ్తూ గుసగుస వైపు చూసి, "ఈ పద్ధతి బాగుందమ్మా, ముందే తోచలేదు నాకు" అంది.

అది పద్ధతి అని గుసగుసకు అప్పుడే తెలిసింది. సందు దొరకగానే బల్ల కిందకు దూరి బాబాయికి ఫోన్ చేసింది.

"ఎవరండీ? గట్టిగా మాట్లాడండి. ఏంటీ? అసలు ఉన్నారా?"

"అంత వినపడకపోతే మన పిల్లే" అంది అవతల పిన్ని.

సంగతి బోధపడ్డాక బాబాయి నాలిక్కరుచుకున్నాడు. "తిరగబడిందమ్మా. వెనక మూత తీసి వైర్లన్నీ ఊడదియ్. ఇప్పుడు నే చెప్పినట్టు పెట్టు. ఎర్రది..." మూడు వైర్లు చెప్పేసరికి లైను తెగింది. మిగతా మూడింటినీ గుసగుస ఖాళీగా కనపడ్డ చోటల్లా దూర్చింది. చెప్పిన మూడింటిలో కూడా ఆయన చెప్పిన దిక్కు ఒకటైతే ఈమె విన్నది ఇంకొకటి.

ఇప్పుడు 'నిశ్శబ్దం' నొక్కితే తర్వాతివారిని రమ్మంటోంది. 'తర్వాతివారు' నొక్కితే నిశ్శబ్దంగా ఉండమంటోంది. 'ఉమ్మండి' నొక్కితే నోరు తెరవమంటోంది, 'నోరు తెరవండి' నొక్కితే రేపు రమ్మంటోంది, 'రేపు రండి' నొక్కితే ఉమ్మమంటోంది. 'కూర్చోండి' ఒక్కటే చెప్పినమాట వింటోంది, అది కూడా బొటనవేలితో ఎడమకు ఒత్తి పట్టుకుంటేనే. వైర్ల జోలికి మళ్లీ పోవడానికి గుసగుసకు ధైర్యం చాలలేదు. చీటీలు చూడటం మానేసింది. గంటలో ఆమె వేళ్లకు అంతా వచ్చేసింది. పన్నెండయ్యేసరికి పదిహేడు మంది లోపలికి వెళ్లారు, పదిహేడు మందీ బయటికి వచ్చారు, ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు.

డాక్టరమ్మ ముఖం విప్పారింది. గుసగుసకు కడుపులో రాయి తీసేసినట్టయింది. ఆ రాయి ఎంతోసేపు బయట ఉండలేదు.

"చాలా బాగుందమ్మా. పిలవడం, కూర్చోబెట్టడం, పంపించడం అన్నీ ఇదే చేస్తోంది. మీట నొక్కడానికి మళ్లీ ఒక మనిషెందుకు చెప్పు? నా కుర్చీ పక్కన పెట్టుకుంటే నేనే నొక్కుకుంటాను" అంది డాక్టరమ్మ. అని, పెట్టెను పొడుగాటి వైరు ఊడకుండా లాక్కుని లోపలికి పట్టుకుపోయింది.

గుసగుస ఖాళీ బల్ల ముందు కూర్చుంది. తనకు గొంతు లేదని గొంతు తెచ్చిపెడితే, ఆ గొంతే తనను పొమ్మంటోంది.

లోపల కుర్చీలో రిటైరైన హెడ్‌మాస్టరుగారున్నారు. కట్టుడు పళ్ల కొలత కోసం డాక్టరమ్మ ఆయన నోట్లో మెత్తటి అచ్చు పెట్టింది. అయిదు నిమిషాల్లో అది గట్టిపడుతుంది. ఆలోగా తీయకపోతే ఇక ఉలీ సుత్తే. ఆమె సరదాగా 'నోరు తెరవండి' నొక్కింది.

"ఇవాళ్టికి అయిపోయింది, రేపు రండి. ఇంకా నొక్కే ఉన్నారా?..."

ముప్ఫయ్యేళ్లు గంట కొట్టగానే లేచిన మనిషి ఆయన. లేచాడు. నోట్లో అచ్చుతో, మెడలో తువ్వాలుతో బయటికి నడిచాడు.

"మాస్టారూ, కూర్చోండి" అంటూ డాక్టరమ్మ ఆ మీట నొక్కింది. గోడ పలకలేదు. 'నిశ్శబ్దం' మీద చెయ్యి పడింది. "తర్వాతివారు లోపలికి రండి" అంది గోడ. ముగ్గురు వచ్చారు. వాళ్లను పంపించడానికి 'రేపు రండి' నొక్కింది. "పుక్కిలించి ఉమ్మండి" అంది గోడ. ముగ్గురూ ఒకే తొట్టి మీద పడ్డారు. "ఏమేవ్... అమ్మాయ్... ఎక్కడున్నావ్?" అంది డాక్టరమ్మ. ఆ గొంతు కూడా గుసగుసే అయింది.

హెడ్‌మాస్టరుగారు అప్పటికే మెట్లు దిగుతున్నారు. గుసగుస లోపలికి ఉరికి పెట్టె అందుకుని, బొటనవేలితో ఎడమకు ఒత్తి పట్టింది.

"పది నిమిషాలు కూర్చోండి" అని పిన్ని గొంతు వీధి దాకా మోగింది.

ఆయన ఉన్న మెట్టు మీదే కూర్చున్నాడు. గుసగుస వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇంకో మీటతో నోరు తెరిపించింది. అచ్చు ఊడి వచ్చేసరికి అరనిమిషం మిగిలింది.

డాక్టరమ్మ నుదురు తుడుచుకుంది. ఏ మీట కింద ఏం రాసి ఉంటే గోడ ఏమంటుందో ఆమెకు ఇంకా అంతు చిక్కలేదు. పెట్టెను పాము బుట్టను జరిపినట్టు గుసగుస వైపు జరిపింది. "సోమవారం తొమ్మిదికి వచ్చెయ్. దీన్ని నువ్వే చూసుకో. నేను ముట్టను, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

సాయంత్రం దుకాణం కట్టేసి బాబాయి స్క్రూడ్రైవరుతో వచ్చాడు. "తప్పు నాదేనండీ డాక్టరుగారూ. పది నిమిషాల్లో అన్నీ వరసలో పెట్టేస్తా. ఇక కళ్లు మూసుకుని ఎవరైనా నొక్కొచ్చు."

గుసగుస ఆయన్ని పక్కకు లాగి చెవిలో ఏదో చెప్పింది. బాబాయి ఆమె ముఖం చూశాడు, పెట్టె చూశాడు, స్క్రూడ్రైవరు సంచీలో వేసుకున్నాడు.

"ఏమంటోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"దీన్ని ఇంతకన్నా బాగుచేయడం కుదరదటండీ."

పుట్టి బుద్ధెరిగాక గుసగుస కావాలని మెల్లగా మాట్లాడింది ఆ ఒక్కసారే.