సున్నా క్రిముల మనిషి

మనిషికి ఎంత ఆయాసం ఉందో చెప్పే హక్కును మనిషి నుంచి తీసుకుని క్రిములకు అప్పగించడం ఈ కాలపు గొప్ప పరిపాలనా సంస్కరణ. నాకు ఆ సంగతి తెలిసిన రోజు గుర్తుంది: నిరుడు నవంబరు ఇరవై ఒకటి. ఆ పొద్దున జొన్నరొట్టె, పుంటికూర తిన్నాను. (మా ఆవిడ పోయిన నాటి నుంచి పక్కింటి రేణుకమ్మ రెండు రొట్టెలు ఎక్కువ చేస్తుంది. ఎందుకని నేను అడగను, ఆమె చెప్పదు.)

రేణుకమ్మ భర్త బాలనర్సయ్య పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఇప్పుడు గాలి పీల్చడమే ఆయన పని. అందుకు సాయంగా శ్వాస తీవ్రతా నిర్ధారణ కార్యాలయం వారు మూడు నెలల గడువుతో ఒక ఆక్సిజన్ మిషన్ ఇచ్చారు. గడువు పెంచాలంటే కళ్లె పరీక్షలో క్రిములు కనిపించాలి. లక్ష దాటితే ‘తీవ్రం’, వెయ్యి దాటితే ‘మధ్యస్థం’. ఆయాసం లెక్కలోకి రాదు (దాన్ని ఎవరైనా నటించవచ్చు, క్రిములకు ఆ తెలివి లేదు).

సోమవారం కళ్లె ఇచ్చి వచ్చాం. శుక్రవారం రిపోర్టు కోసం, నిబంధన ప్రకారం మిషన్‌ను కూడా వెంటబెట్టుకుని, బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఆటోలో వెళ్లాం. కార్యాలయం మేడ మీద ఉంది. (ఎక్కగలిగినవారే దరఖాస్తు చేసుకుంటారు కాబట్టి రద్దీ తక్కువ.)

తీవ్రతాధికారి అనిల్‌కుమార్ లేచి నిలబడి బాలనర్సయ్య చేయి పట్టుకున్నాడు.

“సున్నా! మా ఆఫీసులో మొదటి సున్నా మీదే, పెద్దాయనా!”

“మరి గాలి... ఎందుకు ఆడ్తలేదు... సారూ?”

“అది మీ వ్యక్తిగత విషయం.”

రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “తప్పు నాదే సారూ. కళ్లె ఇచ్చే ముంగట మూడొద్దులు పాత బిళ్లలు ఏసిన. క్రిములు సచ్చే బిళ్లలు, పోయినసారి మిగిలినయి. పెద్ద సార్ల ముంగట ఖళ్లు ఖళ్లున దగ్గుతే మంచిగుంటదా?”

“నన్ను పెండ్లికొడుకును... జేసి తెచ్చింది,” అన్నాడు బాలనర్సయ్య.

“నువ్వు నోర్ముయ్యి, దమ్మొస్తది!”

“క్రిములు లేకపోయినా ఊపిరితిత్తులు చెడే ఉంటాయి కదండీ,” అన్నాను నేను.

“నాకు తెలుసు సార్. మా బాపుదీ ఇదే జబ్బు,” అన్నాడు అనిల్‌కుమార్ మెల్లగా. “కాకపోతే ఆయన అదృష్టవంతుడు, రెండు లక్షలున్నాయి.”

తర్వాత పరిష్కారం చెప్పాడు. రెండు వారాలు ఏ మందూ వేయకుండా క్రిములను పెరగనివ్వాలి. మళ్లీ కళ్లె ఇవ్వాలి. అంతవరకు మిషన్ స్టోరులో ఉంటుంది.

“రెండు వారాలు మిషన్ లేకుంటే మనిషి బతుకుతడా సారూ?”

“ఫారంలో ఆ ప్రశ్న లేదమ్మా.”

అటెండరు శారమ్మ మిషన్‌ను స్టోరులో పెట్టి, తాను కూర్చునే కుర్చీ తెచ్చి, మెట్లు దిగే చోట వేసింది. బాలనర్సయ్య దాంట్లో కాసేపు కూర్చుని, మూడేసి మెట్లకొకసారి ఆగుతూ దిగసాగాడు. ఐదు దాటింది. కార్యాలయం ఆలస్యంగా మూస్తే రిజిస్టరులో కారణం రాయాలి. శారమ్మ ‘తీవ్రత లేని పేషెంటు ఇంకా మెట్లు దిగుతున్నాడు’ అని రాసి, ఆయన కిందికి చేరాక, చప్పుడు కాకుండా తలుపు మూసింది.