సీసాలక్క మెమో

ఆ ఉదయం సీసాలక్క అనుకున్నది చాలా చిన్నది. పదింటికల్లా ప్రయోగశాలలో గాజు సామానంతా తోమేసి ఇంటికెళ్లి నడుం వాల్చాలి. పన్నెండేళ్లుగా అక్కడ సీసాలు కడుగుతోంది. ఉద్యోగం వచ్చే నెలలో ఖాయం చేస్తామని పన్నెండేళ్లుగా చెబుతున్నారు.

తనిఖీ బృందం వస్తోందని పెద్దసారు ముందురోజే చిందులేశాడు. "సీసాల మీద ఆ కాగితం ముక్కలేంటి, కిరాణా కొట్టులాగా? అన్నీ పీకెయ్! అద్దంలా మెరవాలి!"

పీకేసింది. దాంతో ఏది సరుకో ఏది మురికో చెప్పే దిక్కు లేకపోయింది. కిటికీ పక్కన ఒక సీసాలో బూడిదరంగు పాలలాంటిదేదో మూడు వారాలుగా పడి ఉంది. సీసాలక్క ముక్కు మూసుకుని దాన్నిండా సబ్బునీళ్లు ఒంపి, తొట్టిలో నానబెట్టింది.

పరిశోధన చేసే అమ్మాయి వస్తూనే నెత్తి బాదుకుంది. "కొంప ముంచావక్కా! మూడేళ్ల పని అది!"

"మురికనుకున్నానే తల్లీ! ఏముంది అందులో?"

"నూనె, నీళ్లు, కంటికి కనిపించనంత ప్లాటినం పొడి. ఆ పొడి ఒక్కో నూనె చుక్క చుట్టూ గోడ కట్టినట్టు నిలబడి లోపల రసాయన చర్య నడిపిస్తుంది. పనయ్యాక దాన్ని బయటికి లాగి మళ్లీ వాడాలి. ఆ లాగడమే మా వల్ల కావట్లేదు. చచ్చినా చుక్క పగలదు."

అరుపులు విని పెద్దసారు ఊడిపడ్డాడు. "సబ్బు పొయ్యమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"అదే మెమోలో రాయిస్తా!"

టైపిస్టు వచ్చింది. ఆమె సీసాలక్కకు సొంత ఆడపడుచే. సారు ఊగిపోతూ చెప్పాడు: "ఎవరి ఆదేశమూ లేకుండా, కేవలం తన సొంత బుద్ధితో, ఉదయం ఎనిమిదీ నలభైకి సీసాలో సబ్బునీళ్లు పోసినందున ఉద్యోగం నుంచి తొలగించడమైనది." అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది. సారు సంతకం గీకి, ముద్ర గుద్దాడు.

"తప్పు పట్టకు వదినా," అంది ఆడపడుచు. "మూడు కాపీలు తీశాను."

"నీ చలవ. ఇంకో పది తియ్యి, గోడలకి అంటిద్దాం."

పోయినదాని బదులు సారు ఇంకో సీసాలో టీ పాలు పోసి, చిటికెడు బొగ్గుపొడి కలిపి బల్లమీద పెట్టాడు. అంత చదువూ అందుకు పనికొచ్చింది. తనిఖీకి వచ్చిన పెద్దావిడ సీసా చూసి, "ఏదీ, పొడి బయటికి తీయండి," అంది. సారు ఊపాడు, తిప్పాడు. చివరికి పొయ్యి మీద పెట్టాడు. పాలు పొంగి చొక్కా మీదికి దూకాయి.

పెద్దావిడ మొహం తిప్పుకుంది. ఎదురుగా తొట్టిలో నానుతున్న సీసా. పైన తేటగా నూనె, మధ్యలో నీళ్లు, అడుగున నల్లగా పొడి. సబ్బు ఆ గోడను కూల్చేసింది. అమ్మాయి పొడిని తీసి, కడిగి, కొత్త నూనెలో వేసి చూసింది. మొదటిరోజులాగే పనిచేసింది.

"ఇదెవరు చేశారు?" అంది పెద్దావిడ.

"నేనే," అన్నాడు సారు, చొక్కా పిండుకుంటూ. "ఏళ్ల తరబడి ఆలోచించి..."

"రాతలో ఉందా? తేదీ, సమయం, సంతకం?"

ఆడపడుచు ముందుకొచ్చింది. "ఉందండీ. మూడు కాపీలు."

పెద్దావిడ మెమో పైకి చదివింది. "కేవలం తన సొంత బుద్ధితో" దగ్గర ఆగి, సారు మొహం చూసి, మళ్లీ చదివింది.

సీసాలక్క ఉద్యోగం ఆ సాయంత్రమే ఖాయమైంది. కొత్త పద్ధతి ఆమె పేరునే నమోదైంది. ఆ నమోదు కాగితంలో ‘ఇందులో అధికారి పాత్ర’ అని ఒక గడి ఉంటే, ఆడపడుచు ఆలోచించి టైపు చేసింది: సంతకం, ముద్ర.